మా సైన్స్ మేడమ్ ఒప్పుకున్న తప్పు

మా సైన్స్ మేడమ్ పోయారని మొన్న మంగళవారం తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. వారం రోజుల జ్వరం. కొత్తగూడెం దవాఖానా నుంచి ఖమ్మం తీసుకువెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట.

జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే చోట మా హైస్కూల్. ల్యాబ్ లేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పైకప్పు మీద డిష్ బిగించి, క్లాసులో టీవీ పెట్టారు. సగం పీరియడ్ హైదరాబాద్ నుంచి వచ్చే టీవీ పాఠం, మిగతా సగం మేడమ్. కరెంటు పోతే ఆగిన ప్రయోగాన్ని ఆమె బోర్డు మీద బొమ్మలేసి పూర్తిచేసేవారు. డస్టర్ వెతుక్కోకుండా అరచేత్తోనే తుడిచేసేవారు. "కండ్లతో చూసింది మరువరు బిడ్డా" అనేవారు. మేమూ నమ్మాం.

పదిలో నాకూ, నా పక్కన కూర్చునే కోయగూడెం అమ్మాయికీ ఫస్ట్ క్లాసు వచ్చింది. ఆ ఆదివారం మేడమ్ చర్చిలో మా ఇద్దరి పేర్లు చెప్పి ప్రార్థన చేయించారు.

ఇంటర్‌కి ఇద్దరం ఖమ్మం వెళ్లాం. మొదటి కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ రోజు నా స్నేహితురాలి చేతికి పిపెట్ ఇచ్చారు. ఆ గాజు గొట్టంలోకి యాసిడ్‌ను నోటితో గీత దాకా పీల్చాలి. టీవీలో చూసిందే. ఎంత మెల్లగా పీల్చాలో మాత్రం చూస్తే తెలిసేది కాదు. యాసిడ్ నోట్లోకి రావడంతో బల్ల మీదే ఉమ్మేసింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. శనివారం ఇంటికి వెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు.

సంగతి తెలిసి మేడమ్ నన్ను వెంటబెట్టుకుని గూడెం వెళ్లారు. ఆ పిల్ల మిరపచేలో ఉంది.

"నాకు చదువు రాదు మేడమ్," అంది తల ఎత్తకుండా.

"నీకు రాక కాదు. నేనే నీ చేత్తో చేయించలే. తప్పు నాది."

ఆమె కాలేజీకి రాలేదు. మేడమ్ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లారు. మూడోసారికి పెళ్లి అయిపోయింది.

మొదటిసారి వెళ్లివస్తూ బస్సులో నేనూ నవ్వానని చెప్పేశాను. "నాకు చెప్తే ఏమొస్తది? ఆమెకు చెప్పు," అన్నారు మేడమ్.

ఆ ఏడే సొంతంగా పిపెట్లు కొని తెచ్చి, పదో తరగతిలో ఒక్కొక్కరి చేత మంచినీళ్లు పీల్చించడం మొదలుపెట్టారట. గిట్ల చేస్తే టీవీ పాఠం టైము పోతుందని హెడ్మాస్టర్ అంటే, "పోనీయండి సార్. కాలేజీకి పిల్లలు ఒక్కలే పోతున్నరు, మనం ఎంట పోతలేం," అన్నారట.

మేడమ్‌ను సమాధి చేసే రోజు నేను ఊరికి వెళ్లాను. గూడెం నుంచి నా స్నేహితురాలు నడిచి వచ్చింది. అందరూ వెళ్లిపోయాక, ఆ రోజు నేనూ నవ్వానని, ఇన్నేళ్లూ చెప్పనిది ఆమెకు చెప్పాను.

"అవ్. చూసిన," అంది.

చినుకులు మొదలయ్యాయి. కొత్తగా పోసిన మట్టి ఒక పక్కకు జారుతోంది. ఆమె కూర్చుని రెండు చేతులతో పైకి ఎగదోయసాగింది. నేను అవతలి వైపు కూర్చున్నాను.