తాతయ్య తలాపున పెట్టిన క్యాసెట్టు

నా చిన్నప్పుడు, లక్సెట్టిపేట దగ్గర మా ఊళ్లో, మా తాతయ్యకు పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట కూడా పోయింది. కరీంనగర్ దవాఖానాలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపుతూ, కంటినిండా నిద్రపోతేనే మనిషి తేరుకుంటాడని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ నిద్రే ఆయనకు రాలేదు. కళ్లు తెరుచుకుని దూలాల వైపు చూస్తూ ఉండేవాడు. ఆయన చిక్కిపోతుంటే మా నానమ్మకు అన్నం సహించేది కాదు.

పాటలు వింటే నిద్ర పడుతుందని ఎవరో అన్నారు. మా బాపు దుబాయి నుంచి పంపిన టేప్ రికార్డర్ ఇంట్లో ఉంది. జబ్బు మనిషి చెవిన దేవుడి పేరు పడాలని నానమ్మ తత్వాల క్యాసెట్టు తెప్పించింది. దాన్ని పెట్టే పని నాది. పదేళ్లదాన్ని, ఆ డబ్బాను ముట్టుకునే అధికారం నాకే ఉందని మహా గర్వం. దీపాలు పెట్టగానే తాతయ్య తలాపున కూర్చుని మీట నొక్కేదాన్ని. ఆయన కళ్ల వెంట నీళ్లు కారేవి. భక్తి అనుకుని ఇంకాస్త సౌండు పెంచేదాన్ని.

కరీంనగర్‌లో నర్సు పని నేర్చుకుంటున్న పక్కింటి అక్క సెలవులకు వచ్చి, తాతయ్యను చూడవచ్చింది. టేప్ రికార్డర్‌లో మోగుతున్న పాట చెవిన పడి గుమ్మంలోనే ఆగిపోయింది.

"గివి పీనుగ కాడ పాడేటియి గదనే. బతికున్న మనిషికి గివెందుకు పెడుతున్నవ్?"

నిజమే. మా వైపు ఎవరైనా పోతే శవం ముందు తెల్లవార్లూ పాడే పాటలవి. దేవుడి పేరు ఉందన్నదే చూశాం గానీ అది మాకు తట్టనే లేదు. మేం తన మీద ఆశ వదిలేసుకున్నామని తాతయ్య అనుకున్నాడు, అది నోరు తెరిచి అడగలేకపోయాడు.

అక్క క్యాసెట్టు ఆపి ఆయన ఎడమ చెయ్యి పట్టుకుంది. "తాతా, నీకేం గాలే. ఏ పాట గావాల్నో నేను అడుగుత. ఔనంటే చెయ్యి ఒత్తు" అంది. సినిమా పాటలంది, కోలాటం అంది. చెయ్యి కదలలేదు. నాట్ల పాటలు అనగానే గట్టిగా ఒత్తాడు.

మర్నాడు మా పొలంలోనే నాట్లు. అక్క నన్ను వెంటబెట్టుకుపోయి, టేప్ రికార్డర్ ఒడ్డున పెట్టి, అదే క్యాసెట్టు మీద ఆడవాళ్ల పాటలు నింపింది. రోజూ ఒకే వేళకు, సౌండు తగ్గించి పెట్టమంది. మరదలిని ఆటపట్టించే మాటలు వచ్చినప్పుడు నానమ్మ సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకునేది. మొదటి మూడు రోజులు ఏ మార్పూ లేదు. నాలుగో రోజు పాట నడుస్తుండగానే తాతయ్య గురక వినిపించింది. నానమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది.

తర్వాత తాతయ్య కర్ర పట్టుకుని నడిచాడు. మాట మాత్రం తిరిగి రాలేదు. నా మీద కోపం ఏనాడూ చూపలేదు. అయినా అన్ని రోజులు ప్రేమ కొద్దీ ఆయన్ను భయపెట్టింది నేనేనన్న బాధ నాకు పోలేదు. అరవైకి దగ్గరపడ్డాను. ఇప్పటికీ జబ్బు మనిషిని చూడబోతే, ముందు చెయ్యి పట్టుకుని ఏం కావాలో అడుగుతాను. ఔననో కాదనో ఆ వేళ్లు చెప్పేదాకా నా చెయ్యి తియ్యను.