మైకు ఆపేసిన తర్వాత

ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా గ్రేసమ్మకు తల్లి గురించి తెలిసింది ఒక్కటే. నీళ్లు తోడబోయి కాలు జారి దొడ్లో బావిలో పడిందని. అప్పటికి గ్రేసమ్మకు ఐదేళ్లు, తమ్ముడు యోబుకు ఎనిమిది నెలలు. తండ్రి పున్నయ్య మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పగలు కౌలు చేలో మిరప మొక్కల మధ్య, సాయంత్రం గుడిలో సంఘపెద్దగా ఆయన రోజులు గడిచిపోయాయి. తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది గ్రేసమ్మే. పెద్దయ్యాక వెల్దుర్తిలో తను చదివిన మిషన్ బడిలోనే పంతులమ్మగా చేరింది.

యోబు నరసరావుపేటలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి వచ్చాడు. మూగపోయిన రేడియో వాడి చేతిలో పడితే సాయంత్రానికల్లా పలికేది. గుడి మైకుసెట్టు బాధ్యత వాడిదే. వైరు ఎక్కడ వదులైనా, బాకా ఎక్కడ గరగరలాడినా విన్న వెంటనే కనిపెట్టేవాడు.

ఎనభై ఐదు ఫిబ్రవరిలో ఒక ఆదివారం అన్నం తింటూ అడిగాడు.

"అక్కా, ఇందాక ఆరాధన అయిపోయినాక మైకులో నా పేరు చదివింది ఎవురు?"

"ఎవురూ చదవలేదే."

"చదివారు. రెండుసార్లు."

ఎవరో ఆకతాయిలు పిలిచి ఉంటారనుకుంది గ్రేసమ్మ. నెల తిరిగేసరికి వాడు చిక్కి సగమయ్యాడు. మసీదు మైకు మోగినా, సినిమా ప్రచారం రిక్షా వీధిలోకి వచ్చినా గోడకు అతుక్కుపోయి వినేవాడు. మన ఇంటి సంగతులన్నీ ఊరికి చెబుతున్నారని పళ్లు కొరికేవాడు. ఏ మైకూ మోగనప్పుడు కూడా ఒక్కోసారి తల పక్కకు వంచి నిలబడిపోయేవాడు. గ్రేసమ్మ వెళ్లి భుజం తట్టేదాకా కదిలేవాడు కాదు.

గుడ్ ఫ్రైడే నాడు గుడి నిండా జనం. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఉండగా పైకప్పు మీద ధనధన అడుగుల చప్పుడయింది. మరుక్షణం బాకా మైకు వాకిట్లో పడి ముక్కలైంది. పైన యోబు తెగిన వైరు చేత్తో పట్టుకుని అరుస్తున్నాడు.

"ఇప్పుడు చెప్పండ్రా! ఇప్పుడు చెప్పండి నా గురించి!"

దయ్యం పట్టిందని అందరూ ఒక మాట మీదికి వచ్చారు. పున్నయ్య ఇంట్లో ఉపవాస ప్రార్థనలు పెట్టించాడు. పొరుగూరి నుంచి వచ్చిన ప్రార్థనాపరుడొకాయన యోబును స్తంభానికి కట్టించి, చెంపల మీద కొడుతూ దయ్యాన్ని గద్దించాడు. బడి నుంచి వచ్చిన గ్రేసమ్మ గుమ్మంలో చెప్పులైనా విడవకుండా వెళ్లి కట్లు విప్పేసింది. అందరి ముందూ తండ్రికి ఎదురు తిరగడం ఆమెకు అదే మొదటిసారి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వెనక వసారాలో మూలుగు వినిపించి పరుగెత్తింది. యోబు గోడకు తల ఆనించి, ఎడమ చెవిలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పుతున్నాడు. మెడ మీదుగా నెత్తురు కారి చొక్కా తడిసిపోయింది.

"ఉండక్కా, లోపల ఉంది. తీసేస్తా. ఒక్క నిమిషం."

గ్రేసమ్మ గట్టిగా అరవలేదు. అరిస్తే వాడి చెయ్యి అదురుతుంది. మెల్లగా పక్కన కూర్చుని, "నాకు చూపించు, నేను తీస్తా" అంది. వాడు ఆమె వంక అనుమానంగా చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి స్క్రూడ్రైవరు ఆమె అరచేతిలో పెట్టాడు.

చెవికి కట్టు కట్టిన కాంపౌండరు పున్నయ్యను పక్కకు పిలిచి, ఇది దయ్యం కాదని, గుంటూరు పెద్దాసుపత్రిలో దీనికి వేరే వార్డు ఉందని చెప్పాడు. పున్నయ్య ఒప్పుకోలేదు.

"పిచ్చాసుపత్రి చీటీ చేతికొచ్చిందంటే వాడి బతుకు అయిపోయినట్టే. నీకు సంబంధం ఎవురిస్తారే?"

"నాకు పెళ్లి కాకపోతే మానె. రేపు వాడు రెండో చెవిలో పొడుచుకుంటే ఏం చేస్తావు నాయనా? నువ్వు రాకపోయినా నేను తీసకపోతా."

మర్నాడు తెల్లారేసరికి పున్నయ్య కండువా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

మాచర్లలో గుంటూరు బస్సెక్కారు. యోబు కిటికీ పక్కన, మధ్యలో గ్రేసమ్మ, ఇవతల పున్నయ్య. గ్రేసమ్మ వాడి కుడి చెవిలో దూది కుక్కి, ఎడమ చెవి కట్టు మీదుగా తువ్వాలు చుట్టింది. గురజాల దాటింది, పిడుగురాళ్ల దాటింది. వేడిగాలి ముఖాన కొడుతోంది. వాడి మణికట్టు ఆమె పిడికిట్లోనే ఉంది. బస్సు ఆగిన చోటల్లా వాడి నరాలు బిగుసుకోవడం ఆమె వేళ్లకు తెలుస్తూనే ఉంది.

నరసరావుపేట బస్టాండులో బస్సు పావుగంట ఆగుతుందన్నాడు కండక్టరు. సరిగ్గా అప్పుడే తలమీద బాకా గరగరమంది. వినుకొండ వెళ్లు ప్రయాణికులకు గమనిక అంటూ మైకు మోగింది.

యోబు ఒక్క ఉదుటున లేచాడు. గ్రేసమ్మను, తండ్రిని తొక్కుకుంటూ బస్సు దిగి పరుగెత్తాడు. వెనక్కి వస్తున్న ఒక బస్సు వాడి వీపుకు జానెడు దూరంలో కీచుమంటూ ఆగింది. డ్రైవరు బూతులు తిట్టాడు. వాడు ఆగలేదు. మైకు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

గ్రేసమ్మ రొప్పుతూ వెళ్లేసరికి, మీరా సాహెబ్ అనే నడివయసు కంట్రోలరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. యోబు చేతిలో ఆయన బల్లమీది ఇనుప రూళ్లకర్ర ఉంది.

"నా పేరు ఎందుకు చదివావు? నీకెవురు చెప్పారు మా ఇంటి సంగతి?"

ముగ్గురు నలుగురు డ్రైవర్లు తలుపు దగ్గరికి ఉరికారు. ఒకడి చేతిలో స్పానరుంది. గ్రేసమ్మ చేతులు బార చాపి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అన్నా, మీ కాళ్లు మొక్కుతా, రాబాకండి. వాడికి ఆరోగ్యం బాగలేదు. ఆసుపత్రికి పోతన్నాం."

మీరా సాహెబ్ ఆమె ముఖం చూశాడు, తువ్వాలు జారి బయటపడ్డ యోబు చెవి కట్టు చూశాడు. డ్రైవర్లను ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నేను నీ పేరు చదవలేదు నాయనా. నీకు అనుమానంగా ఉంటే ఈ మైకు ఆపేస్తా. చూస్తా ఉండు."

స్విచ్చి తీశాడు. ఆంప్లిఫయరు మీద ఎర్రలైటు ఆరిపోయింది.

యోబు రూళ్లకర్ర దించాడు. ఆ పెట్టె దగ్గరికి వెళ్లి, అలవాటైన చేత్తో వెనకవైపు తడిమి బాకాకు పోయే వైరు ఊడదీశాడు. ప్లగ్గు పీకాడు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. వాడి తల మెల్లగా పక్కకు వంగింది.

గ్రేసమ్మ గుమ్మం వదిలి లోపలికి వచ్చింది.

వాడు ఇటు తిరిగాడు. కళ్లల్లో కోపం లేదు. చిన్నప్పుడు చీకట్లో ఆమె పక్కలోకి దూరేవాడే, ఆ ముఖం.

"అక్కా, కరెంటు లేదు. వైరు కూడా లేదు. ఇంకా వినపడతా ఉంది."

ఆమె వాడి చెయ్యి పట్టుకుంది.

"మైకు కాదక్కా ఇది. నాలోనే ఏందో చెడిపోయింది. పోదాం పా. తొందరగా పోదాం. మళ్లీ మర్చిపోతానేమో."

వాళ్ల బస్సు కదిలేదాకా మీరా సాహెబ్ మైకు వేయలేదు. ఎండలో బస్టాండంతా తిరుగుతూ, వినుకొండ, చిలకలూరిపేట అని నోటితోనే అరుచుకుంటూ పోయాడు.

బస్సు ఊరు దాటింది. పున్నయ్య కండువాతో ముఖం కప్పుకున్నాడు. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది.

"మీ అమ్మకూ ఇట్టనే."

గ్రేసమ్మ తల తిప్పలేదు.

"వీడు పుట్టినాక మొదలైంది. గోడలో ఎవురో మాట్లాడతన్నారనేది. ప్రార్థనలు పెట్టించా, కట్టేశా. ఒక పూట కట్లు విప్పి చేలోకి పోయా. తనే దూకింది. కాలు జారలేదు."

ఆమెకు తండ్రి మీద అరవాలనిపించింది. కానీ యోబు తల ఆమె భుజం మీద వాలి ఉంది. అంత బాధలోనూ ఒక లెక్క మనసులో మెదిలింది. అమ్మకు వచ్చింది, తమ్ముడికి వచ్చింది. మిగిలింది నేను. ఆ రోజు నుంచి ఎవరైనా దూరాన్నుంచి పిలిస్తే, పక్కనున్నవాళ్లకు కూడా వినపడిందా లేదా అని ముందు వాళ్ల ముఖాలు చూసేది.

ఆసుపత్రిలో ఐదు వారాలున్నారు. మందులతో యోబుకు వినపడే గొంతు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ మందులకే చేతులు వణికేవి, సన్న తీగ పట్టుకోలేకపోయేవాడు. మరుసటి ఏడు ఒక ప్రార్థన సభలో వాడికి స్వస్థత కలిగిందని నమ్మి పున్నయ్య మాత్రలు మాన్పించాడు. ఇరవై రోజులకే యోబు ఇంట్లో రేడియో పగలగొట్టాడు. ఆ తర్వాత మాత్రలు గ్రేసమ్మ తన దగ్గరే పెట్టుకుంది. పున్నయ్య ఇంకెప్పుడూ అడ్డం చెప్పలేదు.

అదే బడిలో పనిచేసే దానియేలు పంతులు పెళ్లి మాట ఎత్తినప్పుడు, తల్లి సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పింది. అతను పన్నెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పదమూడో రోజు వచ్చి, "భయంగానే ఉంది గ్రేసూ. అయినా చేసుకుందాం" అన్నాడు.

ఎనభై ఎనిమిది చివర్లో ఆడపిల్ల పుట్టింది. బాలింతగా ఉన్న ఆ రోజుల్లో గ్రేసమ్మ గోడల వైపు వీపు పెట్టి పడుకునేది కాదు. పిల్ల ఏడుపు ఆగితే చాలు, చెవులు రిక్కించేది. తను ఎదురు చూస్తున్నదేమిటో భర్తకు కూడా చెప్పలేకపోయింది. ఒక మధ్యాహ్నం పిల్లను చూడవచ్చిన యోబును అడిగింది.

"ఒరేయ్, నీకు మొదట ఎట్టా వినపడింది?"

వాడికి అర్థమైంది. పిల్ల వంక చూస్తూ చెప్పాడు.

"మొదట చానా ప్రేమగా పిలిచిందక్కా. అందుకే నమ్మా. నీకు అట్టాంటిది వినపడితే దాచుకోబాక. ముందు నాకు చెప్పు. నాకైతే తెలుస్తది గదా."

మూడేళ్లుగా మోస్తున్న బరువు ఆ మాటకు కదిలింది. పిల్లను పక్కన పడుకోబెట్టి, తమ్ముడి ముందే వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆమెకు ఏ గొంతూ వినపడలేదు. జూన్‌లో పిల్లను తన తండ్రి దగ్గర వదిలి బడికి వెళ్లడం మొదలుపెట్టింది. మనవరాలు దొడ్లో పాకుతూ బావి వైపు వెళ్లినప్పుడల్లా, పున్నయ్య చేతిలో పని వదిలేసి పరుగెత్తుకెళ్లి ఎత్తుకునేవాడు.