చేయని పనుల పట్టిక

మా బడి ల్యాబులో ఎవరైనా తీగలు అతికించడానికి సోల్డరింగు మొదలుపెడితే, ఆ పొగ వాసన నన్ను మెడపట్టి మహారాష్ట్ర అంచునున్న సిరోంచకు లాక్కుపోతుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడ నేను ఏడాది కాంట్రాక్టు మాస్టారిని. శకుంతల మేడం సైన్సు చెప్పేవారు. మనిషి నా భుజం దాకానే. ఆవిడ మౌనం మాత్రం ఊరి పక్క ప్రాణహిత నది అవతలి గట్టు దాకా ఉండేది.

అహేరిలో జరిగే విజ్ఞాన ప్రదర్శనకు పిల్లల చేత రోబో చేయించమని మా ఇద్దరికీ చెప్పారు. నేను ఆ పూటే పెద్దసారు గదికి పరుగెత్తాను. మా రోబో నాటు వేస్తుందని, పిట్టలను తోలుతుందని, అతిథికి మూడు భాషల్లో నమస్కారం పెడుతుందని చెప్పేశాను. ఇంకాసేపుంటే దానిచేత గోదావరి ఈదించేవాణ్ణి. నా కాంట్రాక్టు పొడిగించే సంతకం ఆయనదే మరి.

మరునాడు పిల్లలు రామాయణమంత ప్లాను రాసుకొచ్చారు. మేడం స్క్రూ కూడా ముట్టనివ్వలేదు. తొమ్మిదో తరగతి సుజాతను నిలబెట్టి అడిగారు.

"నమస్కారం పెట్టకుంటే మిషిన్ నడువదా?"

"నడుస్తది మేడం."

"మరి కొట్టెయ్. ఇది చేయని పనులని ఇంకో కాయితం పెట్టి, అండ్ల రాయి."

సాయంత్రానికి చేయని పనులు రెండు పేజీలు నిండాయి. చేసే పని ఒకటే మిగిలింది: బల్ల మీద నడవాలి, అంచు రాగానే ఆగాలి. నా గుండె అంతకంటే ముందే ఆగింది.

"పెద్దసారుకు ఎవరు చెప్తరు మేడం?" అన్నాను.

"ఎవరు గొప్పలు చెప్పిండ్రో ఆళ్లే. పోరగాళ్లను పంపకుండ్రి."

వెళ్లాను. ఆ వరండా ఆ రోజు అహేరి దాకా సాగింది. పెద్దసారు విని, "ఆగుడేంది సారు? మా స్కూటర్ రోజూ ఆగుతది, దాన్నే పంపుదామా?" అన్నారు. నా భవిష్యత్తు అక్కడే ముగిసిందనుకున్నాను.

ప్రదర్శనలో మా రోబో ముందు బల్లను తాకుతూ వేలాడే తీగ అంచు దాటి కిందికి జారగానే మోటారుకు కరెంటు తెగింది. చక్రాలు టక్కున నిలిచాయి. పెద్దసారు నమ్మక, అంచు కింద దోసిలి పట్టి అయిదుసార్లు నడిపించి చూశారు. ఒక్కసారీ పడలేదు. పక్క బడివాళ్ల ఎగిరే రోబో మధ్యాహ్నం దాకా బల్ల మీదే పడుకుంది. బహుమతి మాకూ రాలేదు. తిరుగు బస్సులో పెద్దసారు నాతో, "వచ్చే ఏడు గూడ మీరే చేయించుండ్రి" అన్నారు. మేడం కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు మా బడి పిల్లలు ప్లానులో ఏదైనా గొప్పగా రాస్తే నేను కొట్టెయ్యను. "ఇది కుదరకపోతే పెద్దసారుకు చెప్పేది ఎవరు?" అని మాత్రం అడుగుతాను. వాళ్లే పెన్ను తీసి కొట్టేస్తారు.