సెల్లార్‌లో కారు, కారులో నేను

మా ఆయన కారు ఇంజిన్ మార్చే పని పెట్టుకున్న నాటి నుంచి మా ఇంట్లో ఆదివారం అనేది లేకుండా పోయింది. ఖాజాగూడ వైపు ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వాననీళ్లొచ్చి, ఎవరిదో పెద్ద విదేశీ సెడాన్ మునిగింది. ఇంజిన్ బిగుసుకుపోయింది. వాళ్లు అయినకాడికి వదిలించుకుంటుంటే ఈయన తీసుకొచ్చి కొండాపూర్‌లో మా సెల్లార్‌లో పెట్టారు. పాత సామాన్ల దుకాణంలో ఇంకో కంపెనీ డీజిల్ ఇంజిన్ దొరికిందట, అది ఇందులో తనే బిగిస్తారట. వారమంతా సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టే మనిషి, చేత్తో పట్టుకోగలిగే పని ఒకటి ఉంటే మంచిదే అనుకున్నాను. అనుకున్నప్పుడు నా బుర్ర ఎక్కడ పెట్టానో!

దసరాకి పాత ఇంజిన్ బయటికొచ్చింది. శివరాత్రికి కొత్తది లోపలికి దిగింది. ఆ తర్వాత అసలు తగువు మొదలైంది. కారులోని కంప్యూటర్ ఈ ఇంజిన్‌ని తనదని ఒప్పుకోదు. ఎవరో దొంగ చొరబడ్డాడనుకుని స్టార్ట్ కానివ్వదు. ఆయన బానెట్ ఎత్తి, లాప్‌టాప్ తగిలించి దాన్ని బతిమాలుతుంటారు. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని, "కొట్టు" అన్నప్పుడల్లా బటన్ నొక్కాలి. ఆఫీసులో పది మందికి పని చెప్పే దాన్ని, ఆదివారమొస్తే ఆ ఒక్క బటన్‌కి బంట్రోతుని. మానేస్తానని ఎన్నిసార్లు అన్నానో, అన్నిసార్లూ మళ్లీ వెళ్లి కూర్చున్నాను.

మే నెల మధ్యాహ్నం అది. పొద్దుటి నుంచి నొక్కీ నొక్కీ బ్యాటరీ నీరసపడింది. ఆయన ఇంజిన్ మీదికి వంగారు. జేబులోని రిమోట్ తాళం బటన్ ఒత్తుకుపోయినట్టుంది, నాలుగు తలుపులకీ టక్కున లాక్ పడింది. ఆ జాతి కార్లకి ఒక గుణముంది. బయటి నుంచి లాక్ పడితే లోపలి పిడి పనిచేయదు. దొంగ అద్దం పగలగొట్టి చెయ్యి దూర్చినా తలుపు రాకూడదని ఆ ఏర్పాటు. లోపల మనిషి ఉంటే ఏం కావాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. నేను పిడి లాగాను. ఆయన తాళం నొక్కారు. బ్యాటరీ ఆ క్షణమే పూర్తిగా చచ్చింది. అద్దాలు దిగవు. తాళంచెవి దూరింది గానీ తిరగలేదు, ఆ తలుపు ఎప్పుడో వేరే కారుది తెచ్చి బిగించిందట.

మొదట నవ్వొచ్చింది. తర్వాత చెమట పట్టింది. ఫోన్ పైన వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంది. బయటి చప్పుడు లోపలికి రాదని ఆయన ఊరంతా చెప్పుకునే కారు. లోపలి చప్పుడు కూడా బయటికి పోదని నాకు తెలిసింది. అద్దానికి నోరు ఆనించి అరిచాను.

"ఏమండీ! అద్దం పగలగొట్టండి!"

ఆయన చెవి ఆనించి విన్నారు, తల ఊపారు, అరచెయ్యి చూపించారు.

"జర ఆగు! ఫికర్ చెయ్యకు. మా దోస్తు చందానగర్ నుంచి బ్యాటరీ తెస్తుండు. తగిలిస్తే డోర్లు వాటికవే తెరుసుకుంటయ్."

వాచ్‌మన్ ఒక రాయి పట్టుకొచ్చాడు. "సార్, పలగ్గొట్టమంటరా? అమ్మ పరేషాన్ అయితుంది."

"ఏయ్, వద్దు! ఈ అద్దం ఇక్కడ దొరకది."

ఆయన అరిచిన ఆ మాట, చప్పుడు దూరని కారులో ఉన్న నాకు కూడా స్పష్టంగా వినపడింది. అంతవరకు భయమే. ఆ మాటతో ఒళ్లు మండిపోయింది. ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని దోస్తు ఎక్కడున్నాడో కనుక్కుంటున్నారు. "ట్రాఫిక్‌ల ఉన్నడంట," అని అద్దంలోంచి నాకు చెప్పారు, శుభవార్తలాగా. గొంతు తడారిపోతోంది. ఊపిరి తీస్తున్నా అందనట్టే ఉంది. చచ్చిపోతానేమో అని నిజంగా అనుకున్నాను.

వెనక సీట్లో ఆయన పానాలు పరిచి ఉన్నాయి. సీట్ల సందులోంచి వెనక్కి పాక్కుంటూ వెళ్లి, అన్నింటికన్నా పెద్ద పానా తీసుకుని, కళ్లు మూసుకుని పక్క అద్దం మూల మీద కొట్టాను. రెండో దెబ్బకి అద్దమంతా పలుకులై నా ఒళ్లో పడింది. వాచ్‌మనే నా చంకల కింద చేతులేసి బయటికి లాగాడు. ఆయన మంచినీళ్ల కోసం పరిగెత్తారు. తెచ్చి తాగించారు, చీర కొంగు మీది పలుకులు ఏరారు. ఏరుతూనే, "జర ఆగితే అయిపోతుండె గద," అన్నారు. 

దోస్తు వచ్చాడు, బ్యాటరీ తగిలించారు. తలుపులు తెరుచుకున్నాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. "బ్యాటరీ ఫుల్లున్నది. ఒక్కసారి కూసో, కొట్టు."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే ఇప్పటికీ చెప్పలేను. తలుపు బార్లా తీసి, ఒక కాలు బయట సిమెంటు నేల మీద పెట్టుకుని కూర్చున్నాను. వెనక తలుపుకి అద్దం లేదు, ఇక ఇరుక్కునే ప్రశ్నే లేదని తెలుసు. కాలికి తెలియలేదు. బటన్ నొక్కాను. ఈసారి కంప్యూటర్ అడ్డుపడలేదు, ఇంజిన్ దగ్గి, ఊగి, అందుకుంది. ఎనిమిది నెలల తర్వాత ఆ కారు బతికింది. ఆయన చిన్నపిల్లాడిలా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి తలుపు మీద చెయ్యి వేశారు.

"కాలు లోపల పెట్టు, డోర్ ఏస్త. లోపల ఎంత సైలెంట్‌గ ఉంటదో చూద్దువు."

"వెయ్యొద్దండీ!" అని కేకపెట్టాను. పెట్టి, ఏడ్చేశాను. నేలకి ఆనించిన కాలు గడగడ వణుకుతోంది, ఆపుదామన్నా ఆగడం లేదు.

ఆయన ఆ కాలినే చూస్తూ నిలబడ్డారు. తర్వాత నా మీదుగా వంగి, ఇంజిన్ ఆపేసి, దోస్తునీ వాచ్‌మన్‌నీ పొమ్మని, నా కాలి పక్కన ఆ నూనె మరకల మీదే చతికిలబడ్డారు.