రేవులో దిగిన పెళ్ళికూతుళ్ళు

మా ఊరి చరిత్ర కమిటీ అధ్యక్షుడు ఎనిమిదో తరగతిలో నా దగ్గర సోషల్ చదువుకున్నాడు. అందులో అతనికి ఎన్ని మార్కులు వచ్చేవో నాకు తెలుసు కాబట్టి, ఊరి చరిత్ర అతని చేతికి వెళ్ళిందని విన్నప్పుడే నాకు ఒళ్ళు మండింది. బియ్యం మిల్లువారి మనవడు. మనిషి మంచివాడే. నేను ఎదురుపడితే ఇప్పటికీ బండి దిగి నమస్కారం పెడతాడు. కానీ మంచితనానికి సోషల్‌లో మార్కులు వెయ్యరు.

వంశధార ఒడ్డున పాత రేవు దగ్గర టెక్కలి గ్రానైట్ రాయి ఒకటి నిలబెట్టి, దాని మీద ఊరు కట్టిన కుటుంబాల పేర్లు చెక్కించాలని కమిటీ తీర్మానించింది. జాబితా వాట్సాప్‌లో వచ్చింది. ఏడు కుటుంబాలు. మిల్లువారు, నూనె గానుగవారు, బట్టల కొట్టువారు, గోగునార వ్యాపారం చేసినవారు, మొదటి బడి పెట్టిన చర్చి కుటుంబం, రెండు పెద్ద రైతు కుటుంబాలు. పడవింటివారు లేరు.

పడవింటివారంటే మేమే. వంతెన రాకముందు ఈ ఊళ్ళోకి వచ్చిన ప్రతి మనిషినీ, ప్రతి బస్తానీ, ప్రతి మేకనూ మా తాతా మా నాన్నా ఏరు దాటించారు. ఆ మిల్లు యంత్రాన్ని కూడా రెండు పడవలు జోడించి కట్టి మా తాతే తెచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. నరసన్నపేట వైపు నుంచి ఈ ఊరికి వేరే దారి లేని రోజులవి.

జాబితా అమ్మకి చదివి వినిపించాను. ఆమెకి ఎనభై ఆరేళ్ళు. చదువు లేదు, చెవులు మాత్రం పాము చెవులు. అంతా విని, "మనమెక్కడే?" అంది.

"లేమమ్మా."

చీర కొంగు మడతలు సర్దుకుంది. "మీ తాత, మీ నాన్న ఆ ఏట్లోనే ముసలోల్లైపోనారు. నాను పోకముందు ఆ రాయి మీద మన పేరొకటి సూడాలనున్నాది" అంది. మా అమ్మ నా దగ్గర ఏదైనా కావాలని అడగడం అంతకుముందు నేనెరగను. పండక్కి చీర కొంటేనే "ఇదెందుకు, ఉన్నాయి కదా" అని తిట్టే మనిషి.

మర్నాడే అధ్యక్షుడి ఇంటికి వెళ్ళాను. టీ ఇప్పించాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు. "మేడం, మీరంటే నాకు చాలా గౌరవం. కానీ కమిటీ ఒక రూలు పెట్టుకుంది. ప్రతి కుటుంబానికీ ఆధారం ఉండాలి. మాకు మిల్లు లైసెన్సుంది, రైతులకి పట్టాలున్నాయి. మీకేదైనా కాగితముంటే..."

"నీళ్ళ మీద బతికినవాడికి పట్టా ఎవరిస్తారు బాబూ?"

"అదే కదా మేడం, వచ్చిన చిక్కు" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. అతను పొగరుగా మాట్లాడి ఉంటే నాకు సులువుగా ఉండేది.

తాడో పేడో తేల్చుకుందామని పదిరోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాను. నేను టీచర్ని. కాగితం మీద లేనిది జరగలేదని పిల్లలకి నేర్పినదాన్ని. ఒక ఆఫీసులో రేవు వేలం పాట రికార్డు ఉండేదన్నారు, ఉండేదంటే ఇప్పుడు లేదని అర్థం. ఇంకోచోట ఒక కుర్ర గుమస్తా "రేవంటే ఏ పోర్టు మేడం?" అని అడిగాడు. ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

నిజం చెప్పాలంటే ఆధారమొకటి నాకు తెలుసు. అది ఎవరికీ చెప్పకూడదని యాభై ఏళ్ళకి పైగా దాచుకున్నాను.

ఊరికి పెళ్ళికూతురు పడవలో వచ్చేది. రేవు చేరాక ఆ పిల్ల తనంతట తాను ఒడ్డున కాలు పెట్టకూడదు. పడవింటి ఆడమనిషి మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, పిల్లను పడవ అంచున కూర్చోబెట్టి, ఏటి నీళ్ళతో ఆమె కాళ్ళు కడిగి, పసుపు రాసి, చెయ్యి పట్టుకుని దింపాలి. అలా దింపితేనే అత్తవారు ఇంట్లోకి రానిచ్చేవారు. ఎంత కలిగినవారైనా, ఏ కులం వారైనా అదే పద్ధతి. చర్చి కుటుంబంవారు పసుపు వద్దనేవారు, నీళ్ళు మాత్రం ఒప్పుకునేవారు. దింపినందుకు మా అమ్మకి ఒక రవికె గుడ్డా, బెల్లం ముక్కా ముట్టేవి.

ఆరో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల అందరిముందూ "నిన్న మా వదిన కాళ్ళు మీ అమ్మే కడిగింది" అంది. ఆ పిల్లకి అది మామూలు వార్త. నేను మాత్రం ఇంటికొచ్చి అన్నం మానేసి, ఇంకెప్పుడూ రేవులోకి వెళ్ళొద్దని అమ్మతో పోట్లాడాను. అమ్మ నా కంచం నా ముందుకి తోసి, మరో పెళ్ళి పడవ వస్తోందని లేచి వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది వంతెన వచ్చింది. ఊరంతా సంతోషించింది కానీ అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే.

నేను ఉత్త చేతులతో వచ్చిన సంగతి విని అమ్మ, "కాగితాలెందుకే నీకు? మిల్లింటమ్మ ఉన్నాది కదా. ఆయమ్మ కాడికి తీసుకెల్లు" అంది.

"దేబిరించడానికి నేను రాను."

"దేబిరించడమేటి, సూసి సేన్నాల్లయింది. నువ్వు రాకపోతే నానే ఆటో ఎక్కుతాను."

ఎక్కగలదు కూడా. అందుకని నేనే వెంట వెళ్ళాను. అది ఆదివారం, వాళ్ళ హాల్లో కమిటీ కూర్చుని ఉంది. మిల్లింటమ్మ, అంటే అధ్యక్షుడి నానమ్మ, వాకరు పట్టుకుని బయటికొచ్చింది. మా అమ్మకంటే నాలుగేళ్ళు చిన్న. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, మోకాళ్ళ నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత అమ్మ సూటిగా చెప్పింది. "మీ వోడు రాయి నిలబెడతన్నాడట. మా పేరు నేదట."

మిల్లింటమ్మ మనవడి వైపు తిరిగింది. "ఏటిరా?"

"ఆధారం లేదు నానమ్మా. రూలు..."

"ఆదారం నాను కాదేటి? పద్నాలుగేల్లకి ఈ ఊరొచ్చినాను. ఏరు నిండుగా ఉన్నాది. బయమేసి పడవ దిగనన్నాను. మీ తాతా, ఆల్ల నాన్నా, సుట్టాలూ గట్టుమీద నిలబడి అరిసినోల్లే గానీ ఒక్కడు నీల్లలోకి రానేదు. ఈయమ్మొచ్చింది. అప్పటికి ఈయమ్మా కొత్త కోడలే. కాల్లు కడగడానికి ఒంగి, ఎవులికీ ఇనపడకండా నాకు సెప్పింది. 'మీ మావకి కోపమెక్కువ, గానీ కడుపు నిండితే మంచోడు. ముందు బువ్వెట్టు, తర్వాత మాటాడు. నీకేటి కట్టమొచ్చినా రేవుకి నీల్లకొచ్చినట్టొచ్చి నాతో సెప్పు' అనింది. ఆ మాట పట్టుకునే ఈ ఇంట్లో నెగ్గుకొచ్చినాను. సెప్పు, ఇంకే కాగితం కావాల?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఒడ్డు మీద నిలబడి నేను చూసింది అమ్మ వంగిన నడుమునే. అలా వంగినప్పుడు ఆమె మాట్లాడుతోందని నాకు తెలియదు. పడవ ఎక్కినవాడెవడూ తన ఇంటి గొడవ చెప్పకుండా ఏరు దాటడు కాబట్టి ఊళ్ళో ఏ అత్త ఎలాంటిదో, ఏ మావ ఎలాంటివాడో పడవింట్లో తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు. అదంతా అమ్మ ఆ పసిపిల్లల చెవిలో వేసి పంపింది. "నాకెందుకు చెప్పలేదే?" అని గొణిగాను. "ఆల్ల ఇంటి మాటలు నీకెందుకు?" అంది.

గానుగవారి పెద్దాయన నమ్మకం కుదరక తన తల్లికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. అటునుంచి ఆమె గొంతు హాలంతా వినిపించింది. "పడవింటమ్మా? ఉన్నాదా ఇంకా? ఒరే, నన్ను దింపింది ఆయమ్మేరా. ఆల్ల పేరు రాయండి. నేకపోతే మనది తీసీండి."

అధ్యక్షుడు పెన్ను తీసి ఎనిమిదో పేరుగా రాయబోయాడు. మిల్లింటమ్మ వాకరుతో నేలమీద ఒక్కటి కొట్టింది. "ముందు దాటించినోల్లు, తర్వాత దాటినోల్లు" అంది. నా పాత విద్యార్థి తలొంచుకుని, కొట్టేసి, మొదటి వరసలో రాశాడు. మొదటిసారి అతని సోషల్ నాకు నచ్చింది.

రాయి నిలబెట్టిన రోజు ఊరు ఊరంతా రేవుకి వచ్చింది. ముసుగు తియ్యడానికి అమ్మనే పిలిచారు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. రాసుకున్న కాగితం చేతిలోనే ఉంది, అది చదవలేదు. మైకు పట్టుకుని, ఆరో తరగతి నుంచి నోట్లోనే ఆపుకున్న మాట గట్టిగా చెప్పాను. "మా అమ్మ ఈ ఊరి కోడళ్ళ కాళ్ళు కడిగింది" అన్నాను. గర్వంగా ఉంది, చాలా గర్వంగా ఉంది. ఇన్నేళ్ళ అలవాటు ఊరికే పోదు కదా, క్లాసులో అడిగినట్టే అడిగాను. "ఈ రేవులో పడవింటివారి చెయ్యి పట్టుకుని దిగినవాళ్ళు చేతులెత్తండి."

కుర్చీల్లో కూర్చున్న ముసలమ్మలు ఒక్కొక్కరే చేతులెత్తారు. మిల్లింటమ్మ, గానుగింటమ్మ, చర్చి వీధిలోని ఇద్దరక్కచెల్లెళ్ళు, వెనక వరసల్లో నేను పేరు కూడా ఎరగనివాళ్ళు. నా ఉద్యోగం మొత్తంలో ఏ క్లాసులోనూ ఒక ప్రశ్నకి అన్ని చేతులు లేవలేదు. రాయి పక్కన నిలబడి ఉన్న మా అమ్మ వాళ్ళందరినీ ఒకసారి చూసి, తన చెయ్యి కూడా ఎత్తింది. ఆమెను దింపింది మా నాయనమ్మ.