టైలరమ్మ అడిగిన కాగితం

మా వీధి టైలరమ్మ కొత్త గుడ్డను నీళ్ళలో తడిపి చూడందే కత్తెర పెట్టదు. ఇంటి అప్పు మీద వడ్డీ పెరిగిపోవడంతో, దాన్ని వేరేచోటికి మార్చాలనుకుంది. మోసపోతే ఉన్న ఒక్క ఇల్లూ పోతుంది.

మొదట వెళ్ళిన ఫైనాన్స్ ఆఫీసులో మెత్తటి సోఫా, అంతకన్నా మెత్తటి మేనేజరు.

"అందరికన్నా తక్కువ వడ్డీ అక్కా! ఇక్కడ సంతకం పెట్టేయ్, మిగతాది నేను చూసుకుంటా."

"కాగితం ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటా తమ్ముడూ."

"కాగితాలు బయటికివ్వం అక్కా. రూలు."

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా పెళ్ళి బట్టలు నెల్లాళ్ళు నా దగ్గర వదిలేస్తారు. నా ఇల్లు ఇరవై ఏళ్ళు నీ దగ్గర తాకట్టులో ఉండాలి గానీ, నీ కాగితం ఒక్క పూట నా దగ్గర ఉండకూడదా?"

మేనేజరు కాఫీ తెప్పించాడు. మనలాంటివాళ్ళ సంతకం మీదున్న తొందర, మనం చదవడం మీద ఎవరికీ ఉండదు.

తర్వాత వెళ్ళిన పాత బ్యాంకులో ఫ్యానే తిరగడం లేదు. వడ్డీ పాత అప్పుకన్నా తక్కువే, సోఫావాళ్ళకన్నా కాస్త ఎక్కువ. గుమాస్తా తలెత్తకుండానే కాగితాలు తోశాడు.

"తీసుకెళ్ళి చదువుకోండమ్మా. అప్పు గడువుకన్నా ముందే తీర్చేస్తే అదనంగా ఎంత కట్టాలో మూడో పేజీలో ఉంది. అర్థంకాకపోతే రేపు రండి."

బయటికొచ్చాక, వెంట వచ్చిన భర్త గొణిగాడు. "మన మొహం కూడా చూడలేదే వాడు!"

"మూడో పేజీ చూపించాడుగా" అంది టైలరమ్మ. రెండురోజులు చదివి, అక్కడే సంతకం పెట్టింది.