చిక్కుడు పందిరికి ఐదు రోజుల గడువు

మహబూబ్‌నగర్‌లో ఒక ఫోటో స్టూడియో ఆయన దుకాణం ఎత్తేస్తున్నాడని తెలిసి, పాత లెన్సు కోసం పొద్దున్నే బస్సెక్కాను. దుకాణదారుల ఇంట్లో పుట్టినవాడికి వస్తువు కన్నా బేరమే ముద్దు. రెండుసార్లు అలిగి మెట్లు దిగాను, రెండుసార్లూ ఆయన వెనక్కి పిలిచాడు. చివరికి నేనన్న ధరకే ఇచ్చాడు. గెలిచిన ఉత్సాహంతో మా ఊరు ఆత్మకూరు వచ్చి చూస్తే, అది నా కెమెరాకు పట్టదు. ధర మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా లెన్సు అంచు మీద పెట్టలేదు మరి.

ఇంట్లో చెప్పుకోలేక ఆయనకే ఫోన్ చేశాను.

"నీకున్న లెన్సు ముందర దీన్ని తిప్పి పెట్టి టేపు సుట్టు," అన్నాడు నింపాదిగా. "చీమ గూడ ఏనుగంత గనవడ్తది. గందుకే గదా తీస్కపోయినవు?"

అందుకేనన్నాను.

నిజానికి పురుగులు మాకు కొత్త కాదు. మా దుకాణంలో ఒకవైపు కిరాణా, ఒకవైపు విత్తనాలు, పురుగుమందులు. రైతు పురుగు పట్టిన ఆకును తెంపుకొచ్చి గల్లా మీద పెడతాడు, మేము ఆకు వంక ఒక చూపు చూసి డబ్బా తీస్తాం. చిన్నప్పుడే మా బాపు నేర్పిన పద్ధతి అది. "పురుగును జాస్తిసేపు సూడకు. నువ్వు సూస్తుంటే ఆయన పక్క దుకాణానికి పోతడు," అనేవాడు. నేనూ అన్నేళ్లు చూడలేదు.

తిప్పిన లెన్సుతో చూడడం మొదలుపెట్టాక తెలిసింది ఎంత పోగొట్టుకున్నానో. పెరటి గోడ మీది గొల్లభామ తల పక్కకు వాల్చి, తూకం మీద అనుమానమున్న మనిషిలా నన్ను చూసింది. ఊపిరి వదిలితే బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి, ఊపిరి బిగబట్టి, గొంతుక్కూర్చుని అర వేలెడంత ముందుకూ వెనక్కూ ఊగడం నేర్చుకున్నాను. మా ఆవిడ దూరం నుంచి చూసి, కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు తెచ్చింది.

ఆ చలికాలం ఒక పొద్దున, మా వెనక సందులో ఉండే అవ్వ చిక్కుడాకు తెచ్చి గల్లా మీద పెట్టింది. పందిరి మీది కాయను వారం వారం అంగట్లో అమ్ముకుని బతికే మనిషి ఆమె.

"సేటూ, మొన్న పేనుబంక వట్టె. ఇప్పుడు గీ ముండ్ల పురుగు గూడ దిగింది. ఇగ నా పందిరి పోయినట్టే. జర గట్టి మందియ్యి."

అలవాటైన చెయ్యి డబ్బా తీసిచ్చింది. ఆమె వెళ్లాక ఆ ఆకును లెన్సు కింద పెట్టాను. నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు, వీపంతా ముళ్లు. చూడబోతే రాక్షసే. కానీ దాని నోట్లో ఉన్నది ఆకు కాదు. ఒక పేనును పట్టి, రసం మామిడిపండులా జుర్రేసి, తొక్క పారేసి, ఇంకోదాని మీద పడింది. ఫోన్‌లో వెతికితే తెలిసింది: పిల్లలు చేతి మీద నడిపించుకునే, గుండ్రటి చుక్కల అక్షింతల పురుగు పిల్లే అది. పేనుబంకకు అదే మందు. ఇన్నేళ్లూ పొలానికి కావలి ఉన్నవాళ్లను చంపే డబ్బా నేను అమ్ముతూ వచ్చాను.

గల్లా వదిలేసి సందులోకి పరుగెత్తాను. అవ్వ మందు కొట్టే పంపులో నీళ్లు పోస్తోంది.

"అవ్వా, ఆగు. పది రోజులు మందు కొట్టకు."

"ఇప్పుడే అమ్మితివి, ఇప్పుడే వద్దంటివి. పానం మంచిగున్నదా?"

కెమెరాలో బొమ్మ చూపించాను. చాలాసేపు చూసింది.

"గింత పెద్దగుంటే పేన్లనెందుకు, నన్నే తింటది. కాయ వట్టే యాల్ల ఇది. ఒక్క దినం గూడ ఆగ."

"ఏడు రోజులు."

"రెండు."

"ఐదు. ఆపైన నువ్వేం జేసినా అడగ."

"ఐదొద్దుల్ల పందిరి పోతే?"

"అంగడి నాడు నీ గంప నేను నింపిస్త. యాడికెళ్లయినా తెచ్చి."

పది అడిగి ఐదు సాధించానని మనసులో మురిసిపోయాను. ఐదు కన్నా ఎక్కువ ఇవ్వకూడదని తానూ ముందే అనుకున్నట్టు ఆమె తర్వాత చెప్పింది.

మూడో రోజుకు పేనుబంక తగ్గకపోగా పెరిగింది. "నీ మనుషులు పని జేస్తలేరు," అంది అవ్వ. లెన్సుతో తీగ వెంట పాకుతూ చూస్తే కారణం దొరికింది. పేన్ల వెనక నుంచి కారే తీపి చుక్కల కోసం చీమలు వాటికి కాపలా కాస్తూ, ముళ్ల పురుగు దగ్గరికొస్తే కరిచి తరుముతున్నాయి. తీపి ముడుతున్నంతకాలం ఎవరి పక్షాన ఉండాలో చీమలకు సందేహం లేదు. వాటిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

అవ్వకు చెప్పాను.

"చీమలదా కిరికిరి? గా ముచ్చట మొదలే జెప్పొద్దా?" అని పొయ్యిలోంచి బూడిద ఎత్తుకొచ్చి గుంజల చుట్టూ, మొదళ్ల చుట్టూ, చీమలు పైకెక్కకుండా దిట్టంగా పోసింది.

నాలుగో రోజు ఆకుల కింద ఖాళీ పేను తొక్కలు కనిపించాయి. ఐదో రోజు పొద్దున, ఆకుకు అంటుకుని కదలకుండా ఉన్న ఒక పురుగును చూపించి, "నీ కావలోడు సచ్చిండు," అంది అవ్వ. అంతలోనే దాని వీపు పగిలింది. మచ్చల్లేని పసుపు పురుగు ఒకటి తడిగా బయటికొచ్చి, ఎండలో ఆరుతుంటే, నల్లచుక్కలు ఒక్కొక్కటే తేలాయి. అవ్వ నా పక్కన గొంతుక్కూర్చుని, "నీ తల్కాయ జరపు," అంటూ కెమెరా లాక్కుంది. ఆ పొద్దున నేను తీసినవి నాలుగు బొమ్మలే. మిగతా సేపంతా ఆమే చూసింది.

పందిరి ఒక కొస ఎండిపోయింది. మిగతాదంతా పూత నిలిచింది. ఆ మధ్యాహ్నం అవ్వ సీలు తియ్యని డబ్బా తెచ్చి గల్లా మీద పెట్టింది.

"వాపసు తీస్కో."

"మందు వాపసు తీస్కోం అవ్వా. బాపు కాలం నుంచీ లేదు."

"పందిరి పోతే గంప నింపుతనంటివి. పోలేదు. మరి గీ డబ్బా నేనేం జేసుకోవాలె, కూరొండాల్నా?"

తీసుకున్నాను. బదులుగా బీరగింజలు అడిగింది. పొట్లం కట్టిచ్చాక కూడా చాపిన చెయ్యి దించలేదు.

"ఇంకేంది అవ్వా?"

"కొసరు."

గుప్పెడు సొరగింజలు తీయబోయాను.

"గింజలు గాదు. గా పసుపు పురుగు ఫోటో ఇయ్యి. అంగట్ల కాయ మీద పురుగుందని ధర దించేటోళ్లకు సూపియ్యాలె. గిది పుర్గు గాదు, మా ఇంటి జీతగాడని జెప్త."